టబ్‌లో అంతరతామర పసుపెక్కిందా?

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు పచ్చగా కళకళలాడిన అంతరతామర పది రోజులకే పసుపెక్కిపోయిందా? ‘వారం వారం నీళ్లన్నీ మారుస్తున్నాం కదా’ అంటారా... తేడా కొట్టింది అక్కడే! తేలే మొక్కల వేళ్లకి మట్టి అందదు, తిండంతా నీళ్లలోంచే. అవన్నీ పారబోసి కుళాయి నీళ్లు నింపితే పాపం వాటికి పస్తే. పావు వంతు మారిస్తే చాలు, అదీ ఒకరోజు బకెట్‌లో నిలవ ఉంచిన నీళ్లతో. నాలుగు గప్పీ చేపల్ని వదిలితే వాటి వ్యర్థాలే ఎరువు. మే నెల ఎండకి మాత్రం గ్రీన్ నెట్ తప్పదు.

బతికాక ఇంకో తలనొప్పి. పిలకలేసి టబ్ మొత్తం కమ్మేస్తే కింద చేపలకి ఊపిరాడదు. పైగా బోదకాలుని మోసే మాన్సోనియా దోమ పిల్లలు ఈ వేళ్లకే గుచ్చుకుని, అందులోని గాలే పీలుస్తాయి. పైకి రావు కాబట్టి గప్పీలకీ సరిగా దొరకవు! అందుకే సగం నీళ్లు ఎప్పుడూ కనపడాలి, మిగతావి తీసేయాల్సిందే.

తీసినవి చెరువులో పడేయొద్దు ప్లీజ్. మన చెరువుల్ని మింగేస్తున్న గుర్రపుడెక్క కూడా అందంగా ఉందని ఒకప్పుడు దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నదే. ఎండబెట్టి కంపోస్ట్‌లో వేయండి, గులాబీ కుండీకి పనికొస్తుంది.