ఫ్రీజరు: పెట్టె రకమా, బీరువా రకమా?

ఆహారమును నెలల తరబడి నిలువ చేయదలచువారు ఫ్రీజరు కొనుటకు ముందొక విషయము గుర్తుంచుకొనవలెను. చలి రోగక్రిములలో అధికభాగమును చంపదు. వాని పెరుగుదలను మాత్రమే ఆపును. వేడి తగిలినంతనే అవి మరల వృద్ధిపొందును. కావున లోపలి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 18 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద నిలకడగా నుండుట ముఖ్యము.

చల్లనిగాలి బరువైనది. పైకి మూత తెరచు పెట్టెలో అది అడుగుననే నిలుచును. ముందుకు తలుపు తెరచు బీరువాలో క్రిందికి జారి వెలుపలికి పోవును. విద్యుత్తు తరచుగా ఆగిపోవు ఊళ్లలో పెట్టె రకము మేలు. కాని అందు అడుగునున్న పొట్లములు మరుగునపడును. ప్రతి పొట్లముపై తేదీ వ్రాసి, పాతవానిని పైకి తెచ్చుచుండవలెను. వంగలేని వృద్ధులకు, చోటు చాలని ఇండ్లకు బీరువా రకము అనుకూలము.

విద్యుత్తు పోయినపుడు ఏ రకమునైనను తెరువరాదు. నిండుగానున్న ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలిని నిలుపుకొనును. కరగిన మాంసము, చేపలు, పాలు, వండిన పదార్థములు 4 డిగ్రీలకు మించిన వేడిలో 2 గంటలకు పైగా నున్నచో, వాసన బాగున్నను పారవేయవలెను. బిడ్డల ఆరోగ్యముకంటె ఒక పొట్లము మాంసము వెల యెక్కువ కాదు.