జిగురా, తీగా? రేసు సైకిలు టైరు కథ

గాలి నింపిన టైరును రిమ్ముకు పట్టి ఉంచడానికి రేసు సైకిళ్ళలో రెండు పద్ధతులున్నాయి. ట్యూబ్యులర్‌లో పల్చని ట్యూబు చుట్టూ గుడ్డ పొరను గొట్టంలా మూసి కుట్టేస్తారు. కుట్టు మీద ఒక పట్టీ వేసి, మొత్తాన్ని రిమ్ముకు జిగురుతో అతికిస్తారు. క్లించర్ అడుగున తెరిచి ఉంటుంది. దాని రెండు అంచుల్లో సాగని తీగలుంటాయి, ట్యూబు విడిగా ఉంటుంది. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ చేసిన మామూలు సైకిళ్ళకూ, తెల్లవారుజామున గురుగ్రామ్–ఫరీదాబాద్ రోడ్డు మీద దూసుకుపోయే కార్బన్ సైకిళ్ళలో చాలావాటికీ ఉన్నది ఈ రెండో పద్ధతే. ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియం ప్రాంగణంలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన చెక్క సైకిలు బాటకు, అంటే వెలోడ్రోమ్‌కు వెళితే మాత్రం జిగురు టైరు విలువ తెలుస్తుంది.

ఈ పోటీ గాలి టైరుతోపాటే పుట్టింది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన టైరును చక్రానికి అతికించేవారు. పంక్చరైతే పెద్ద పనే. ఫ్రాన్స్‌లోని క్లెర్మాఁ-ఫెరాఁలో మిషెలిన్ సోదరుల రబ్బరు ఫ్యాక్టరీకి 1889లో అలాంటి టైరొకటి మరమ్మతుకు వచ్చింది. దాన్ని ఊడదీసి బాగుచేయడానికి మూడు గంటలు పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. మర్నాడు కొద్ది దూరం వెళ్ళగానే గాలి మళ్ళీ పోయింది. ఊడదీసి బిగించగల టైరు కావాలన్న పట్టుదల వారికి అక్కడే కలిగింది.

1891 సెప్టెంబరులో దాదాపు 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం జరిగింది. షార్ల్ టెరాన్ మిషెలిన్ ఊడే టైర్లతోనూ, జియెల్-లవాల్ డన్‌లప్ టైర్లతోనూ దిగారు. టెరాన్ మూడో రాత్రి నిద్రపోతున్న ప్రత్యర్థిని దాటేసి, 71 గంటలకు పైగా తొక్కి గెలిచాడు. ఆ గెలుపులో నిద్ర మానుకున్న ఓర్పుదే పెద్ద పాలు. అయినా ఊడే టైరు అంత దూరం నిలవగలదని ఫ్రాన్స్ అంతా చూసింది.

మిషెలిన్ తొలి టైరును బోల్టులతో బిగించేవారు. అంతకంటే అందమైన ఉపాయం ఇంగ్లండ్‌లో 1890లోనే పేటెంటైంది. చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ ఆలోచన అది. నేటి క్లించర్ అతని టైరుకే వారసురాలు. దాని గొప్పతనం చూడాలంటే ఏ పంక్చరు షాపు ముందైనా కాసేపు నిలబడితే చాలు. కుర్రాడు రెండు లివర్లతో టైరును తీసి, ట్యూబుకు ప్యాచ్ వేసి, చివరికి ఉత్త చేతులతోనే టైరును రిమ్ములోకి నెట్టేస్తాడు. మామూలు లెక్క ప్రకారం అది సాధ్యం కాకూడదు. రేసు సైకిలు రిమ్ములో తీగ కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు. రిమ్ము గోడ దానికంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఎత్తు ఉంటుంది కాబట్టి బయటి అంచు దగ్గర వ్యాసం 634 దాకా వస్తుంది. తీగ చుట్టుకొలత కంటే అంచు చుట్టుకొలత దాదాపు 4 సెంటీమీటర్లు ఎక్కువ. తీగ సాగదు, రిమ్ము కుంచించుకుపోదు. మరి టైరు ఎలా ఎక్కుతుంది?

రహస్యం రిమ్ము మధ్యలోని పల్లంలో ఉంది. టైరు అంచును ఒక పక్క ఆ పల్లంలోకి దించితే అక్కడ తీగ కేంద్రానికి దగ్గరవుతుంది. అక్కడ మిగిలిన పొడవంతా ఎదుటి పక్క వదులుగా చేరుతుంది. ఆ వదులుతోనే తీగ గోడ దాటుతుంది. ట్యూబులోకి గాలి కొట్టగానే అది ఉబ్బి పల్లాన్ని నింపేస్తుంది, తీగలను రెండు పక్కలా తమ గట్ల మీదికి తోస్తుంది. చుట్టూ సమానంగా కూర్చున్న తీగకు ఇక ఎక్కడా వదులుండదు, గోడ దాటే దారీ ఉండదు. జిగురు లేదు, బోల్టు లేదు. బయటికి తన్నే గాలే తాళం వేస్తుంది. గాలి తీయగానే తాళం తెరుచుకుంటుంది. సైకిలు మొత్తంలో ఇంత పొదుపైన ఉపాయం మరొకటి లేదు.

ఆ తాళం మీద పడే బరువు తక్కువేమీ కాదు. 25 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 7 కేజీల పీడనం ఉంటే, టైరు గుడ్డను ప్రతి సెంటీమీటరు పొడవునా దాదాపు 9 కేజీల బలం లాగుతుంది. పీడనాన్ని గొట్టపు వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చే లెక్క ఇది. ఆ లాగుడులో సగం మాత్రమే తీగను పైకి ఎత్తడానికి పనిచేసినా తీగలోని తన్యత 130 కేజీలు దాటుతుంది. మిగతాది రిమ్ము గోడలను బయటికి తోస్తుంది. అందుకే ఆ గోడలు బలంగా ఉండాలి, బలమంటే బరువు.

ట్యూబ్యులర్ ఇక్కడే గెలుస్తుంది. గుండ్రంగా మూసి కుట్టిన గొట్టంలో గుడ్డను ఒక పక్కకు లాగే బలానికి రెండో పక్క లాగే బలం సమాధానం చెబుతుంది. రిమ్ము మోయవలసిందేమీ లేదు, పీటలా కింద ఉంటే చాలు. గోడలు అక్కర్లేదు కనుక చక్రం అంచున బరువు తగ్గుతుంది. గాలి పోయినా అతికిన టైరు రిమ్మును వదలదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1970లలో రిమ్ము గోడలకు లోపలికి వంగిన కొక్కెం అంచు వచ్చాక క్లించర్ ఎక్కువ పీడనాన్ని తట్టుకుంది. ఆ తర్వాత ఉక్కు తీగ స్థానంలో మడతపెట్టగల కెవ్లార్ తాడు వచ్చి బరువు తగ్గింది. పల్చని లేటెక్స్ ట్యూబు వేసిన మంచి క్లించర్ జిగురు టైరుకంటే తేలికగా దొర్లుతుందని పరీక్షల్లో తేలింది. టైరు అడుగున కదిలే జిగురు పొర కూడా కొంత శక్తిని తినేస్తుంది మరి. 2021 టూర్ ద ఫ్రాన్స్ మొదటి దశను జూలియన్ అలాఫిలిప్ క్లించర్ల మీదే గెలిచాడు. ఇప్పుడు పెద్ద పందేలను ట్యూబు లేని టైర్లు ఆక్రమించుకున్నాయి. వాటిలోనూ పనిచేసేది వెల్చ్ పల్లమే.

జిగురు టైరుకు శత్రువులు మూడు: ముల్లు, ఎండ, బ్రేకు వేడి. ఢిల్లీ పరిసరాల్లో మొదటి రెండూ పుష్కలం. ఢిల్లీ రిడ్జ్‌లోనూ, గురుగ్రామ్ పక్క ఆరావళి గుట్టల్లోనూ రోడ్ల వెంట విలాయతీ కీకర్ పెరిగింది. తెలుగువారి సర్కారు తుమ్మ అదే. మన దేశంలో దాన్ని తొలిసారి నాటింది కూడా కడప జిల్లా కమలాపురంలోనే, 1877లో. దాని ముల్లు ఎంత ఖరీదైన టైరునైనా తూట్లు పొడుస్తుంది. క్లించర్‌కైతే కొత్త ట్యూబు వేసుకొని పది నిమిషాల్లో కదలవచ్చు. ట్యూబ్యులర్‌కు పట్టీ ఊడదీయాలి, కుట్టు విప్పాలి, ప్యాచ్ వేయాలి, మళ్ళీ కుట్టాలి, జిగురు పూసి ఆరబెట్టాలి. జూన్ ఎండలో మూసి ఉంచిన కారులో వేడెక్కితే జిగురు మెత్తబడుతుంది. అదే సమయంలో లోపలి గాలీ ఊరుకోదు: 25 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ నింపిన టైరు 60 డిగ్రీలకు చేరితే దాదాపు 113 చూపిస్తుంది. వేడి చేసే కీడుకు పేరుపడ్డ సాక్ష్యం 2003 టూర్‌లో ఉంది. కరిగిన తారు మీద జోసెబా బెలోకి జారాడు, వెనక చక్రం బిగుసుకుపోయింది, అతికించిన టైరు ఊడివచ్చింది, అతని తొడ ఎముక విరిగింది.

వెలోడ్రోమ్‌లో ఈ మూడింటికీ చోటు లేదు. పైకప్పు కింద ఎండ పడదు, 250 మీటర్ల చెక్క బాట మీద ముళ్ళుండవు, ట్రాక్ సైకిలుకు అసలు బ్రేకులే ఉండవు. 2022లో ఆసియా ట్రాక్ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది, స్ప్రింట్‌లో రొనాల్డో సింగ్ రజతం గెలిచాడు. ఏటవాలు మలుపులో పూర్తి వేగంతో ఉండగా గాలి పోతే టైరు రిమ్మును అంటిపెట్టుకొని ఉండడం ప్రాణంతో సమానం. అతికించి పెట్టే మెకానిక్ దగ్గరే ఉంటాడు.

కనుక ట్రాక్ మీద తిరిగేవారు జిగురు టైరునే నమ్మవచ్చు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ రోడ్ల మీద తొక్కేవారికి క్లించరే సరైనది. 25 గానీ, ఫ్రేములో చోటుంటే 28 మిల్లీమీటర్లది గానీ ఎంచుకోండి, వెంట ఒక ట్యూబు, రెండు లివర్లు, చిన్న పంపు పెట్టుకోండి. టైరు ఎక్కించేటప్పుడు బలం చూపకండి, ఎదుటి పక్క అంచును పల్లంలోకి దించండి.