షేక్‌స్పియర్ నాటకాలు ఎవరు రాశారు?



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వ్యాసరచన పోటీకి ఒక వ్యాసం రాసిచ్చాను. అది చదివిన ఒక పెద్దాయన "ఇది నీకెవరు రాసిచ్చారు?" అని అడిగారు. "నేనే రాశానండీ" అన్నా నమ్మలేదు. హాస్టల్ పిల్లవాడు అంత బాగా రాయగలడా అన్నదే ఆయన అనుమానం. కాలేజీకి వెళ్లాక తెలిసింది, ఇలాంటి ప్రశ్నే ఇంగ్లీషు నాటక రచయిత షేక్‌స్పియర్‌కూ తప్పలేదని.

షేక్‌స్పియర్ ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం జరిగినట్టు చర్చి రికార్డులో ఉంది. తండ్రి తోలుతో చేతి తొడుగులు చేసి అమ్మేవాడు. కొంతకాలం పట్టణానికి పెద్దగా ఉన్నా, కాగితాల మీద సంతకానికి బదులు గుర్తు పెట్టేవాడు. షేక్‌స్పియర్ యూనివర్సిటీలో చదవలేదు. లండన్ వెళ్లి నటుడయ్యాడు, నాటకాలు రాశాడు, 1616లో సొంత ఊళ్లోనే చనిపోయాడు.

ఆయన బతికుండగా ఈ నాటకాలు వేరేవాళ్లవని ఎవరూ వాదించలేదు. 1857లో డీలియా బేకన్ అనే అమెరికా రచయిత్రి, వీటి వెనుక ఫ్రాన్సిస్ బేకన్ వంటి గొప్పవాళ్లున్నారని పుస్తకం రాసింది. 1920లో థామస్ లోనీ అనే ఉపాధ్యాయుడు అసలు రచయిత ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ అన్నాడు. చిన్నప్పుడే బడి మానేసి అచ్చు పనిలో చేరి గొప్ప రచయిత అయిన మార్క్ ట్వైన్ కూడా షేక్‌స్పియర్‌ను అనుమానించడం విచిత్రం!

వాళ్ల వాదన ఇది. రాజుల కొలువులు, చట్టాలు, లాటిన్ కథలు, ఇటలీ నగరాలు ఒక పల్లెటూరి వ్యాపారి కొడుక్కి ఎలా తెలుస్తాయి? ఆయన వీలునామాలో ఒక్క పుస్తకం ప్రస్తావన కూడా లేదేం?

ఇవి అడగదగిన ప్రశ్నలే. జవాబులూ ఉన్నాయి. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆ ఊరి పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే గ్రామర్ స్కూల్ ఉండేది. అప్పటి హాజరు పట్టీలు మిగల్లేదు గానీ, అలాంటి బడుల్లో పిల్లలకు రోజూ లాటినే నేర్పేవారు. ఇక పుస్తకాల సంగతి. స్ట్రాట్‌ఫర్డ్‌లోనే పుట్టిన రిచర్డ్ ఫీల్డ్ లండన్‌లో అచ్చు యంత్రం నడిపేవాడు. 1593లో షేక్‌స్పియర్ మొదటి కావ్యాన్ని అచ్చువేసింది అతనే. జూలియస్ సీజర్ నాటకానికి ఆధారమైన ప్లూటార్క్ గ్రంథాన్ని 1595లో అచ్చువేసిందీ అతనే.

సాక్షులూ ఉన్నారు. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ అనే రచయిత షేక్‌స్పియర్ నాటకాలు 12 పేర్లతో సహా చెప్పాడు. వీలునామాలో పుస్తకాలు లేకపోయినా, ముగ్గురు తోటి నటులకు ఉంగరాలు కొనుక్కోమని డబ్బు రాశాడు. వాళ్లలో ఇద్దరు, హెమింజెస్, కాండెల్, 1623లో ఆయన 36 నాటకాలను ఒక సంపుటంగా తెచ్చారు. అది రాకపోతే వాటిలో సగం మనకు దక్కేవి కావేమో. ఆక్స్‌ఫర్డ్ ప్రభువు 1604లోనే చనిపోయాడు. 'టెంపెస్ట్' నాటకంలో 1609లో బెర్ముడా దగ్గర జరిగిన ఓడ ప్రమాదం ఛాయలున్నాయి. చనిపోయినవాడు దాన్నెలా రాస్తాడు?

కొన్ని నాటకాలు ఆయన ఫ్లెచర్ వంటి వాళ్లతో కలిసి రాశాడని పండితులు ఒప్పుకుంటారు. అది వేరే సంగతి. ఆ కాలంలో అలా కలిసి రాయడం మామూలే. నాటక రంగంలో ఆయన ఒక్కడే సామాన్యుల బిడ్డా కాదు. మార్లో చెప్పులు కుట్టేవాడి కొడుకు, స్కాలర్‌షిప్పుతో కేంబ్రిడ్జిలో చదివాడు. బెన్ జాన్సన్‌ను పెంచిన తండ్రి తాపీ మేస్త్రీ.

మిత్రులారా, షేక్‌స్పియర్ మనలాంటివాడని నేను ఆయన పక్షం వహించడం లేదు. నిజానికి ఆయన మనంత పేదవాడు కాదు. ఆధారాలు ఆయన వైపున్నాయి, అంతే. పుట్టుక చూసి ప్రతిభను కాదనడం ఎంత తప్పో, పుట్టుక చూసి వెనకేసుకు రావడమూ అంతే తప్పు.

మిమ్మల్ని కూడా ఎవరైనా "ఎవరు రాసిచ్చారు?" అని అడగవచ్చు. చిన్నబుచ్చుకోకండి. కొట్టివేతలతో ఉన్న మీ రఫ్ నోట్సు తీసి చూపించండి. ఆ రోజు నా దగ్గర అది లేకపోయింది. మీరు మాత్రం దాచుకోండి.