మచ్చను చూడడమే కాదు, తాకి చూడాలి

చర్మంపై మచ్చ కనబడగానే "ఏ లేపం రాయాలి?" అని అడిగేవారే అధికం. అది ఏ మచ్చో నిర్ణయించకుండా ఔషధమివ్వడం వల్ల కలిగే అనర్థాన్ని నేను స్వయంగా చూశాను.

గురుకులంలో విద్య ముగించి వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరంలో, ముంజేతిపై పాలిపోయిన మచ్చతో ఒక వంటమనిషి నా వద్దకు వచ్చాడు. దురద లేదన్నాడు. శోభి అని తలచి తగిరిస గింజల లేపమిచ్చి పంపాను. కొన్ని నెలలకు తిరిగి వచ్చాడు. పొయ్యి మీది గిన్నె దించుతూ చిటికెన వేలు కాలి బొబ్బలెక్కినా అతనికి తెలియలేదు. ఆ వేలు అప్పటికే వంగిపోతున్నది. అది కుష్ఠువ్యాధి. స్పర్శ తెలియకపోవడం కుష్ఠ పూర్వరూపమని చరకసంహితలో ఉన్నది. గురువుగారి ఎదుట ఎన్నిమార్లో వల్లించినదే. రోగి చేతిని తాకి పరీక్షించడమే మరచాను.

మన శాస్త్రం కుష్ఠమనే పేరుతో 18 చర్మవ్యాధులను వర్ణించింది. వాటిలో 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు. తరచుగా కనబడే మచ్చల లక్షణాలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

తామర (దద్రువు): గుండ్రని మచ్చ. అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ తేటపడుతుంది. దురద ఉంటుంది. స్టిరాయిడ్ కలిసిన మలాము రాస్తే రూపు మార్చుకొని వ్యాపిస్తుంది.

గజ్జి (పామ): వేళ్ల సందులలో, మణికట్టు వద్ద చిన్న పొక్కులు. రాత్రివేళ దురద అధికం. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చికిత్స చేయాలి.

శోభి (సిధ్మం): మెడ, ఛాతీ, వీపులపై మచ్చలు. గోటితో గీస్తే పిండివంటి పొట్టు రాలుతుంది.

సోరియాసిస్: మోచేతులు, మోకాళ్లపై ఎర్రని దళసరి మచ్చలు, వెండివలె మెరిసే పొలుసులు. ఇది అంటువ్యాధి కాదు.

బొల్లి (శ్విత్రం): పాలవంటి తెలుపు. పొట్టు రాలదు, స్పర్శ చెడదు. ఇదీ అంటదు.

కుష్ఠువ్యాధి: పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ. సాధారణంగా దురద ఉండదు. అక్కడ చెమట పట్టకపోవచ్చు, వెంట్రుకలు రాలవచ్చు, స్పర్శ తగ్గుతుంది.

పరీక్ష సులభం. రోగిని కళ్లు మూసుకొమ్మని, దూది మొనతో మొదట మంచి చర్మాన్ని, పిదప మచ్చను తాకండి. తాకినచోట వేలు పెట్టి చూపమనండి. చూపలేకపోతే లేపాలతో, పథ్యాలతో కాలయాపన చేయక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. స్పర్శ తెలిసినంత మాత్రాన కుష్ఠు లేదని కూడా నిశ్చయించరాదు. మానని మచ్చనైనా వైద్యునికి చూపవలసినదే. బహుళ ఔషధ చికిత్స అక్కడ ఉచితం. వ్యాధి భేదాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి.

ఆ వంటమనిషిని నేనే ప్రభుత్వ వైద్యశాలకు తీసుకొనిపోయాను. వ్యాధి నయమైంది కాని, వంగిన వేలు తిన్నబడలేదు. ఆనాటి నుండి మచ్చను తాకి చూడకుండా నేనెవరికీ ఔషధమివ్వలేదు.