నెత్తురు చెప్పేదీ, చెప్పలేనిదీ

ఆళ్ళగడ్డలో మా చిన్నమ్మ ఉంటుంది. రాతిబొమ్మలు చెక్కేవాళ్ళ వీధికి దగ్గరే ఇల్లు. ఉలి చప్పుడు వినబడకపోతే ఆమెకు తెల్లవారదు. కిందటేడు దసరాకు నంద్యాల నుంచి చూడబోతే ఒక కాగితం నా చేతికిచ్చింది.

"రొమ్ములో గడ్డ మాదిరి తగులుతాండె రా. రక్తం పరీక్ష చేయిస్తి. ఏమీ లేదంట లే!"

మన ఇళ్ళలో ఆడవాళ్ళు పంటినొప్పి చెప్పినంత సులువుగా ఈ మాట చెప్పరు. ఎన్నాళ్ళ నుంచని అడిగితే, ఉగాది నుంచట!

కాగితంలో 'సి.ఎ. 15-3' అని, ఎదుట 18 అని ఉంది. 30కి లోపైతే మామూలేనని పక్కనే అచ్చువేశారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నేనూ నిశ్చింతపడ్డాను. మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు మాత్రం ముఖం చిట్లించాడు. "ఇది కాన్సరును కనిపెట్టే పరీక్ష కాదండీ. రేపే కర్నూలు తీసుకెళ్ళండి" అన్నాడు.

సంగతేమిటంటే, రొమ్ము కణాలపైన ఒక మాంసకృత్తు ఉంటుంది. కాన్సరు ముదిరితే దాని తునకలు రక్తంలోకి ఎక్కువగా రాలుతాయి. వాటిని కొలిచేదే ఈ పరీక్ష. గడ్డ చిన్నదైతే చాలామందిలో అంకె కదలనే కదలదు. కాన్సరు లేకున్నా కాలేయం జబ్బులలో పెరగవచ్చు కూడా! జబ్బు ఎముకలకో, కాలేయానికో పాకినవారిలో మందు పనిచేస్తున్నదా లేదా అని చూడడానికి, స్కానింగుకు తోడుగా, డాక్టర్లు దీన్ని వాడతారు.

1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే వైద్యుడు, కాన్సరుతో మరణించిన ఒకని నెత్తుటిలో గడ్డలోని కణాలవంటివే చూశాడు. నేటి శాస్త్రజ్ఞులు గడ్డ నుంచి రక్తంలోకి జారిన డి.ఎన్.ఎ. తునకలనే పట్టుకుంటున్నారు. పాకిన జబ్బుకు ఏ మందు తగునో ఎంచడానికి కొందరి విషయంలో అది అక్కరకు వస్తున్నది. అయినా చేతికి గడ్డ తగిలినప్పుడు మామోగ్రామ్‌నూ, సూది పరీక్షనూ తప్పించగల రక్తపరీక్ష ఇంకా రాలేదు.

కర్నూలులో ఆ రెండూ చేశారు. రాచపుండే. చంకలోని బిళ్ళల్లో ఒకదాని దాకా పాకింది, అంతకుమించి పోలేదు. ఆపరేషనూ, మందులూ అయినాయి. "మళ్ళీ ఆ రక్తం పరీక్ష చేయించాల్నా సార్?" అని చిన్నమ్మ అడిగితే, డాక్టరుగారు ఇప్పుడు అక్కర్లేదన్నారు. ఏటా మామోగ్రామ్ తీయించుకొమ్మన్నారు. ఎముకల నొప్పిగాని, ఆయాసంగాని వస్తే వెంటనే రమ్మన్నారు.

ఆ పాత కాగితం ఇంకా దేవుడి పటం వెనకే ఉంది. "చింపెయ్ చిన్నమ్మా" అంటే వినదు.

"ఉండనీలే రా, దుడ్లు పోసినా గదా దానికి!"