చవక మాత్రకు అసలు ధర

రోగులను పరామర్శించడానికి ఏ ఇంటికి వెళ్ళినా మంచం పక్కన నాకు రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి బైబిలు, రెండోది మందుల కవరు. ప్రార్థన ముగిశాక ఇంటివారు ఆ కవరులోంచి షీటు తీసి, ఒక మాత్ర విరిచి, నీళ్ళతో ఇస్తారు. ఈ మధ్య నేను ఆ షీటు వెనక సన్న అక్షరాల్లో ఉన్న చిరునామా చదవడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడెక్కడి పేర్లో ఉంటాయి. కానీ మాత్రలోని అసలు మందు, అంటే కంపెనీలవారు బల్క్ డ్రగ్ అని పిలిచే పొడి, ఏ ఊళ్ళో తయారైందో ఆ షీటు చెప్పదు. చాలాసార్లు ఆ ఊరు మనకు దగ్గరిదే.

హైదరాబాదు నుంచి ముంబయి రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే పటాన్‌చెరు వస్తుంది. పేరులోనే చెరువు ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థను 1972లో అక్కడే పెట్టారు. అదే దశాబ్దంలో, వెనుకబడిన ప్రాంతం బాగుపడాలని, ప్రభుత్వం అక్కడ పారిశ్రామికవాడలకు స్థలాలూ రాయితీలూ ఇచ్చింది. మరోవైపు 1970 నాటి పేటెంట్ చట్టం మన కంపెనీలకు తలుపు తెరిచింది. విదేశీ కంపెనీ కనిపెట్టిన మందునే వేరే పద్ధతిలో ఇక్కడ తయారుచేసుకోవచ్చు. బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన నిపుణులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతాలు కర్మాగారాలతో నిండిపోయాయి.

దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. భారతదేశం నుంచి వెళ్ళిన చవక మందులే ఆఫ్రికాలో లక్షలాది ఎయిడ్స్ రోగులను బ్రతికించాయి. మన ఇళ్ళలో బీపీకి, షుగరుకు రోజూ వేసుకునే మాత్ర పేదవాడికి అందే ధరలో ఉందంటే ఈ పరిశ్రమ వల్లనే. అందుచేత కంపెనీలన్నీ చెడ్డవని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు కుదరదు.

అయితే ఒక కిలో మందు తయారు కావాలంటే పదుల కిలోల రసాయనాలు, ద్రావకాలు ఖర్చవుతాయి. మందు డబ్బాలోకి వెళుతుంది. మిగిలినదంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. పటాన్‌చెరులో అది వాగులోకి పోయింది. ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో. వాగు పక్క ఊళ్ళలో మొదట నీళ్ళ రంగు మారింది, తరువాత వాసన వచ్చింది. బావులు పాడయ్యాయి, పైర్లు ఎండాయి, పశువులు చచ్చాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వమనీ, ఊళ్ళకు తాగునీరు వేరేచోటి నుంచి తెచ్చి ఇవ్వమనీ న్యాయస్థానం ఆదేశించింది. 2001లో కేసు హైకోర్టుకు వచ్చింది. కేసు వేసిననాటి పసిపిల్లలకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినా కాగితాలు నడుస్తూనే ఉన్నాయి. చెడిన నేలకు ఎకరాకింత అని లెక్కగట్టవచ్చు. తాత తవ్వించిన బావి నీళ్ళు మనవడు తాగలేకపోతే దానికి ఏ లెక్క?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని మనవి. ఈ సంగతి వాగు పక్కవారితో ఆగలేదు.

కంపెనీల మురుగును శుద్ధిచేయడానికి పటాన్‌చెరులో ఒక ఉమ్మడి కేంద్రం పెట్టారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి వచ్చేది. అలాంటి కేంద్రంలో మురుగును తినేవి సూక్ష్మజీవులు. అవి బ్రతికి ఉండాలని మనుషుల మురుగునీటిని కూడా కలిపేవారు. ఇప్పుడు ఆలోచించండి. వచ్చే నీళ్ళలో ఉన్నది సూక్ష్మజీవులను చంపే యాంటీబయాటిక్. బలహీనమైనవి చచ్చిపోతాయి, మందును తట్టుకోగలిగినవి మిగులుతాయి, అవే పెరుగుతాయి. పైగా ఆ తట్టుకునే గుణాన్ని ఒక క్రిమి పక్కనున్న మరో జాతి క్రిమికి కూడా అందించగలదు. అలా శుద్ధి కేంద్రమే మొండి క్రిములకు పెంపకపు తొట్టె అయ్యే ప్రమాదం వచ్చింది.

స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధిచేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజులో బయటికి పోతున్నది సుమారు 45 కిలోలని లెక్కగట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత మందు అది. తరువాత వచ్చిన పరిశోధనల్లో ఆ ప్రాంతపు బావుల్లోనూ మందుల అవశేషాలు దొరికాయి. వాగు అడుగు మట్టిలో, మందులను ఎదిరించే జన్యువులు పెద్దఎత్తున కనిపించాయి.

ఏ రోగి ఒంట్లోని మొండి క్రిమి ఏ వాగులో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. మనం వైద్యుడు రాయకుండానే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం, కోర్సు సగంలో మానేయడం కూడా ఇందుకు కారణాలే. కానీ ఐసీయూ బయట నిలబడి, "మందులు పనిచేయడం లేదు, ప్రార్థన చేయండి" అన్న మాట విన్నప్పుడల్లా నాకు నక్కవాగు జ్ఞాపకం వస్తుంది.

ఇప్పుడు చాలా పెద్ద కంపెనీలు నీటిని తమ ఆవరణలోనే శుద్ధిచేసి మళ్ళీ వాడుకునే ఏర్పాటు చేసుకున్నాయి. అది మంచి మార్పు. అయితే వ్యర్థజలంలో యాంటీబయాటిక్ ఎంతకు మించరాదో చెప్పే పరిమితులను 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదాగా ప్రకటించింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి అవి అందులో లేవు.

నీళ్ళ సంగతి అలా ఉండగా మనుషుల సంగతి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలిపోయింది. అక్కడ తయారయ్యేది విషమేమీ కాదు, మాత్రకు రూపం నిలబడేందుకు కలిపే తెల్లని సెల్యులోజ్ పొడి. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి బ్రతుకుతెరువుకు వచ్చినవారు. శరీరాలను డీఎన్ఏ పరీక్షలతో గుర్తించి అప్పగించవలసి వచ్చింది. మరో 8 మంది ఆనవాళ్ళే దొరకలేదు. సమాధి చేసుకోవడానికీ దహనం చేసుకోవడానికీ ఏమీ లేకుండా తిరిగి వెళ్ళిన కుటుంబాలవి. ఎన్నో అంత్యక్రియలు జరిపించినవాణ్ణి, ఆ ఇళ్ళలో ఏ మాట చెప్పి ఉండేవాడినో నాకు తెలియదు.

2024లో వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా కంపెనీలకు భూములివ్వబోమని రైతులు, వారిలో ఎందరో లంబాడీలు, ఎదురుతిరిగారు. అధికారులపై దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి, చివరకు ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. దాడిని నేను సమర్థించను. కానీ అభివృద్ధి వస్తుంటే వీళ్ళెందుకు అడ్డుపడుతున్నారని మన సంఘస్థులే కొందరు నన్ను అడిగారు. పటాన్‌చెరు వెళ్ళి ఒక పూట ఉండి రండి అన్నాను.

ఇంతకీ ఇది వ్రాసే అర్హత నాకు అంతగా లేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక విశ్వాసి తన చిన్న యూనిట్ ప్రారంభోత్సవానికి వచ్చి ప్రార్థన చేయమన్నారు. వెళ్ళాను. రిబ్బను కత్తిరించాను. యంత్రాల మీద చేతులుంచి, దేవుడు ఈ పనిని వృద్ధిచేయాలని ప్రార్థించాను. భోజనం చేసి, కానుక పుచ్చుకుని వచ్చాను. వెనక గోడ అవతల చిన్న కాలువ ఉంది. అది ఎక్కడికి పోతుందని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ యూనిట్ తరువాత మూతపడింది. ఆ కాలువ దిగువన ఎవరి పొలం ఉందో ఈరోజుకీ నాకు తెలియదు.

మొన్న మా సంఘంలో ఒక కుటుంబం, అబ్బాయికి ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చిందని కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. తండ్రి ఆటో నడిపి చదివించిన బిడ్డ. సంతోషంగా ప్రార్థన చేశాను. భోజనాల దగ్గర అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ప్లాంటులో వాడిన నీళ్ళు ఎటు పోతాయి బాబూ?" అని అడిగాను.

"తెలియదు అయ్యగారూ. కనుక్కుని చెప్తాను" అన్నాడు.