వింటూ స్వరం రాసే యంత్రం

1893లో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నోటేషన్’ పేరుతో కర్ణాటక కృతులను అచ్చు వేయడం మొదలుపెట్టారు. విద్వాంసులు పాడుతుంటే ఆయన విని, ఐదు గీతల పాశ్చాత్య లిపిలో ఆ పాటను కాగితం మీద పెట్టారు. నోటి మాటగానే సాగివస్తున్న సంగీతం గురువుతోపాటే పోకూడదన్నది ఆయన తపన. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు తన దగ్గరున్న విద్యనంతా గ్రంథస్థం చేసేలా చూడాలని ఆ సంస్థానాన్ని పట్టుబట్టి ఒప్పించిన వాళ్లలో ఆయనే ముఖ్యుడు.

అలా 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. ఎట్టయపురం తమిళ దేశంలో ఉన్నా గ్రంథం మాత్రం తెలుగు లిపిలో, సుమారు 1,700 పుటల్లో అచ్చయింది. స, రి, గ, మ అని రాస్తే సరిపోదని దీక్షితులకు తెలుసు. అందుకే కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు వంటి గమకాలన్నిటికీ, అంటే స్వరాన్ని కదిలించే తీరులన్నిటికీ, వేర్వేరు గుర్తులు పెట్టారు. కంపితానికి స్వరం మీద అలలాంటి గీత ఉంటుంది. వినికిడిని రాతలోకి మార్చే పనిని ఇంత సూక్ష్మంగా చేసినవాళ్లు అరుదు.

ఆ పని యంత్రం చేయగలదా? ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లోనే పాటను పట్టుకుంది కానీ రాయలేకపోయింది. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ స్థాయిని 1,200 సెంట్లుగా విభజించి స్వరానికి కొలబద్ద ఇచ్చాడు. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. 1951లో అమెరికా సంగీత శాస్త్రవేత్త చార్లెస్ సీగర్, పాడుతున్నంతసేపూ స్వరం ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో గీత గీసి చూపే పరికరం గురించి రాశాడు. తర్వాత దానికి మెలోగ్రాఫ్ అన్న పేరు స్థిరపడింది. 1980లలో బెర్నార్డ్ బెల్, విమ్ వాన్ డెర్ మేర్ ఇలాంటి పరికరంతోనే బొంబాయిలో హిందుస్తానీ గానాన్ని కొలిచారు.

ఈ గీత గీయడం వెనక లెక్క సులువుగానే అర్థమవుతుంది. కంప్యూటర్ రికార్డింగును సెకనులో వందో వంతు దూరంలో చిన్న చిన్న ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కలో ధ్వని తరంగం ఎంత వ్యవధికి ఒకసారి తిరిగి అదే రూపానికి వస్తుందో వెతుకుతుంది. ఆ వ్యవధి తెలిస్తే పౌనఃపున్యం తెలిసినట్టే. అయితే 440 హెర్ట్జ్ స్వరంలో 880, 1,320 హెర్ట్జ్ అనుస్వరాలూ కలిసే మోగుతాయి. అందువల్ల యంత్రం ఒక్కోసారి మధ్యస్థాయి షడ్జమాన్ని తారస్థాయిగా పొరబడుతుంది. 2002లో అలెన్ ద షెవెన్యే, హిదేకి కవహారా రూపొందించిన యిన్ అనే పద్ధతి ఈ తప్పులను చాలావరకు తగ్గించింది.

ఒక్క గొంతు వరకు ఇది చాలు. రెండు వాద్యాలు కలిస్తే వాటి అనుస్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ మూరర్ 1975లో సమర్పించిన పరిశోధనా గ్రంథం రెండు స్వరధారలను విడదీయడానికి తొలి గట్టి ప్రయత్నం. అక్కడా ఎన్నో షరతులు పెట్టుకోవాల్సి వచ్చింది.

దారి మార్చింది ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కు. 2018లో గూగుల్ మజెంటా బృందం పియానో రికార్డింగులో స్వరం మొదలైన క్షణాన్నీ, అది నిలిచినంతసేపునూ విడివిడిగా గుర్తించే నమూనా తెచ్చింది. యంత్రానికి అంత బాగా నేర్పగలగడానికి డిస్క్‌లేవియర్ పియానో తోడ్పడింది. మెట్టు నొక్కిన క్షణమూ, నొక్కిన బలమూ అది తనంతట తానే నమోదు చేస్తుంది. సుమారు 200 గంటల పియానో సంగీతం జవాబులతో సహా దొరికింది. 2022లో స్పాటిఫై ఉచితంగా విడుదల చేసిన బేసిక్ పిచ్ నమూనా చాలా చిన్నది. ఏ వాద్యమైనా, గొంతైనా ఇస్తే, స్వరం వంగిన తీరుతో సహా, స్వరాలను కంప్యూటర్ చదవగల రూపంలో ఉంచే మిడి ఫైలు చేసిపెడుతుంది. దాన్ని మ్యూజ్‌స్కోర్ అనే ప్రోగ్రాములో తెరిస్తే ఐదు గీతల లిపి కనిపిస్తుంది.

తోడి రాగం ఇచ్చి చూస్తే మాత్రం చిక్కు తెలుస్తుంది. గాయకుడి మనసులో ఉన్నది ఒకే గాంధారం. గొంతు మాత్రం రిషభం వైపు దిగి మధ్యమం వైపు ఎక్కుతూ ఊగుతుంది. యంత్రం గీసిన గీతలో పెద్దగా తప్పుండదు. దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ పేరు పెట్టినప్పుడే గాంధారం మాయమై రి, మ, రి, మ అని కాగితం నిండుతుంది. పైగా షడ్జమం ఎక్కడుందో ముందు తెలియాలి. గాయకుడు ఏ శ్రుతి ఎంచుకుంటే అదే షడ్జమం కాబట్టి, వెనక మోగే తంబురా నుంచి యంత్రం దాన్ని పట్టుకోవాలి.

2011లో బార్సిలోనాలో జేవియర్ సెర్రా మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు తాను ఎంచుకున్న సంగీత సంప్రదాయాల్లో కర్ణాటక సంగీతాన్నీ తీసుకుంది. ఐఐటీ మద్రాసులో హేమ ఎ. మూర్తి బృందం అందులో పాలుపంచుకుంది. గీతలో స్థిరంగా నిలిచిన భాగాలనూ, ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే మలుపులనూ వేరుగా చూస్తే గమకం గుట్టు కొంత తెలుస్తుందని 2017లో ఆ బృందం చూపింది. దీక్షితులు గుర్తులతో రాసిన ఊగులాటకే ఇది లెక్క కట్టే ప్రయత్నం.

కాబట్టి పాటను నొటేషన్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతికేవాళ్లు ముందు తమ రికార్డింగును చూసుకోవాలి. పియానో, కీబోర్డు అయితే నేటి నమూనాలు దాదాపు పూర్తి నొటేషన్ ఇస్తాయి. వేణువు, వీణ, సినిమా పాట పల్లవి వంటివాటికి బేసిక్ పిచ్ మంచి చిత్తుప్రతి. కృతి అయితే లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సోనిక్ విజువలైజర్, టోనీ అనే ఉచిత ప్రోగ్రాములు స్వరగీతను కళ్లముందు పెడతాయి. వేగం తగ్గించి వింటూ, ఆ గీతను చూస్తూ స్వరాలు చేతితో రాసుకోవడమే ఇప్పటికి నమ్మదగిన పద్ధతి.

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా ఉప్పర్వాహి వంటి ఊళ్లకు ఈ పరికరాల అవసరం ఇంకా ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఈ ఊరు తెలంగాణ సరిహద్దుకు దగ్గర. చుట్టుపక్కల రాజురా ప్రాంతం ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. గోండీ, మరాఠీ, తెలుగు కలిసి వినిపించే ఈ నేల మీద ప్రధాన్ గాయకులు కమానుతో కిక్రి వాయిస్తూ గోండుల వీరగాథలు పాడతారు. కిక్రికి మెట్లు లేవు, డిస్క్‌లేవియర్‌లా తనను తాను నమోదు చేసుకునే యంత్రాంగమూ లేదు. ఈ పాటలను చదవడం యంత్రానికి నేర్పాలంటే జవాబులు మనుషులే తయారు చేయాలి. గొంతుకూ కిక్రికీ వేర్వేరు మైకులు పెట్టాలి, పాటకు ముందు ఆధార శ్రుతి కాసేపు రికార్డు చేయాలి. తర్వాత పాడినవారి పక్కనే కూర్చుని, ఏ ఊగులాట ఒకే స్వరమో, ఏది రెండు స్వరాలో అడిగి గుర్తించాలి. ఫోనులో పట్టే రికార్డరూ, ఉచిత ప్రోగ్రాములూ ఇప్పుడు ఊరూరా అందుబాటులో ఉన్నాయి. గాథలు తెలిసిన పెద్దలు ఉండగానే ఈ పని మొదలవ్వాలి.